లాగుడుకో దండం

నా చోటు ఏది? నేను ఒక ముతక నూలు తువ్వాలును. ముప్పై ఏళ్ళు ఒక మనిషి భుజం మీద, ఆయన పోయాక పదేళ్ళు గోడకున్న కొయ్య మీద బతికాను కనుక ఈ ప్రశ్న వేసుకోవలసిన అవసరం నాకు రాలేదు. మొన్న మాఘంలో నన్ను తీసి నేల మీద పరిచారు. అప్పుడు వచ్చింది.

నన్ను నేసినవాడు వీరభద్రయ్య. గుంటమగ్గం ముందు నడుము దాకా నేలలోకి దిగి కూర్చునేవాడు. చూడవచ్చినవాళ్ళందరూ అతని చేతులను మెచ్చుకునేవారు. గుంటలోని చీకట్లో తొక్కుడు చెక్కలను ఒకదాని తరువాత ఒకటి నొక్కుతున్న పాదాలను మాత్రం ఎవరూ వంగి చూడలేదు. మనుషుల గౌరవం కంటికి కనిపించినంత మేరకే. నేనూ ఆ పాదాలను మరిచిపోయాను.

నన్ను కొన్న అప్పలస్వామి వ్యవసాయ కూలీ. నేను భుజాన లేకుండా ఎవరి గడపా తొక్కేవాడు కాదు. ఆ భుజం దిగి నేను చేసిన తక్కువ పని ఒక్కటే. ఆయన ఎనిమిదేళ్ళ కూతురు మరిడమ్మ మొదటిసారి ఊడ్పుల చేలో దిగి, పడుతూ లేస్తూ, ఏడుస్తూ గట్టెక్కింది. ఆయన గొంతుక్కూర్చుని, నాతో ఆ పిల్ల వేళ్ళ సందుల్లోని బురద తుడిచాడు. "మట్టిని పట్టుకోడం వచ్చిందే నీ వేళ్ళకి. ఇంక పడవు" అన్నాడు. ఆ బురద మరకను నేను చాలాకాలం అవమానంగా మోశాను.

మరిడమ్మ పెరిగి, పదిహేనుమంది ఆడవాళ్ళ ఊడ్పుల ముఠాకు పెద్ద అయింది. వరినారు నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారు. కళ్ళు ముందున్న నారు మీద ఉంటాయి. వెనకనున్న బురదను పాదమే చూసుకోవాలి. అటువంటి పాదం పోయిన కార్తీకంలో కాలువగట్టు మీద జారింది. చీలమండ విరిగింది. రెండు నెలల పిండికట్టు విప్పేసరికి ఎముక అతికింది గాని అరికాలు పలకలా చదునైపోయింది. రోడ్డు మీద నడవగలిగింది. రెండో పంట ఊడ్పులకు చేలో దిగితే వేళ్ళకు పట్టు దొరకక, అందరూ చూస్తుండగా కూలబడింది. ఇక ఆషాఢం ఊడ్పులకైనా పట్టు రాకపోతే గట్టు మీద నిలబడి నారు కట్టలు అందించడమే. వరుసలో ఆమె చోటు ఇంకొకరిది అవుతుంది. ఆమెను తొలుస్తున్నది అదే.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ప్రసూన అనే అమ్మాయి ఆమె అరికాలు నొక్కి చూసి చెప్పింది: "ఇందులో చిన్న చిన్న కండరాలుంటాయి మరిడమ్మగారూ. కట్టులో పనిలేక చిక్కిపోయాయి. మందమైన నూలు తువ్వాలు నేల మీద పరిచి, మడమ కదపకుండా వేళ్ళతో దగ్గరికి లాక్కోండి. పూటకి పదిసార్లు."

ఇంట్లో గోనెపట్టా పరిస్తే గుచ్చుకుంది. నైలాను చీర జారిపోయింది. మిగిలింది నేను. ఆమె నన్ను కొయ్య మీంచి తీసి నేల మీద పరిచింది.

"నాన్నా, కాలు పెడతన్నాను. ఏమనుకోకు."

పాదం పెట్టింది. ఒకసారి లాగింది. వెంటనే పాదం తీసి, వంగి నన్ను తాకి కళ్ళకద్దుకుంది. మళ్ళీ పాదం, మళ్ళీ దండం. పది లాగుళ్ళు, పది దండాలు.

ముఠాలో ఆమె తరువాతి మనిషి నూకాలు ఇది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "అక్కా, అది కాలికి కసరత్తా, తువ్వాలుకి పూజా?"

"నాన్నదే. తొక్కేసి ఊరుకోమంటావా?"

నిజం చెప్పాలి. ఆ దండాలు నాకు బాగానే ఉన్నాయి. దండం అందుకుంటున్నంతసేపు, తాను ఉన్నది కాలి కిందన్న సంగతి గుడ్డకైనా గుర్తుండదు.

పది రోజులకు మరిడమ్మ నడుము పట్టేసింది. పాదంలో మాత్రం మార్పు లేదు. నన్ను సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. చేసి చూపించమంటే చూపించింది. ప్రసూన నవ్వు ఆపుకోలేకపోయింది.

"పాదానికి చెప్పింది నడుముకి చేస్తున్నారండీ! లాగిన ప్రతిసారీ కాలు తీసేస్తే దానికి పట్టెలా వస్తుంది?"

మరిడమ్మ నేను ఎవరి తువ్వాలునో చెప్పింది. ప్రసూన నవ్వు ఆపి అడిగింది: "ఆయన దీనితో మీ కాళ్ళెప్పుడూ తుడవలేదా?"

మరిడమ్మ నా అంచును వేళ్ళతో తడిమింది. "తుడిచాడు" అంది. "ఒక్కసారి. గట్టు మీద."

"మరింకేం?"

ఆ రెండు మాటలకు నాకు వీరభద్రయ్య గుంట గుర్తుకొచ్చింది. నేను పాదం కిందికి దిగజారలేదు. రెండు పాదాలు తొక్కితేనే పుట్టాను.

ఆనాటి నుంచి మొదట ఒక దండం, చివర ఒక దండం. ఫాల్గుణానికి నన్ను సగం దాకా, చైత్రానికి మొత్తం లాక్కుంది. తరువాత నా చివర పొత్రం బరువు పెట్టి లాగింది. ఒంటికాలి మీద వంద లెక్కపెట్టింది. ఎన్ని రోజులకో చెప్పలేను గాని, నన్ను పూర్తిగా అదిమే ఆ అరికాలి నడుమ ఒక ఉదయం నాకు ఖాళీ తగిలింది. చదునైన పాదంలో మళ్ళీ చిన్న గుంట.

ఆషాఢం వచ్చింది. గట్టు మీద ముఠా చేరింది. తల మీద ఎండ పడకుండా మరిడమ్మ నన్ను తెచ్చుకుంది.

"అక్కా, ఈ యేటికి గట్టు మీదుండి నారందించు" అంది నూకాలు. ఆ గొంతులో ఎకసెక్కెం లేదు, భయమే ఉంది. "మళ్ళీ పడ్డావంటే ఆ కాలు ఇంక కాలు కాదు."

మరిడమ్మ చేనును చూసింది. నన్ను చూసింది. "దిగుతాను" అంది. నన్ను తలకు బిగించి, చీర ఎగదోపి, బురదలో కాలుపెట్టింది.

అంత ఎత్తు నుంచి నాకు పాదాలు కనిపించలేదు. ఒక అడుగు వెనక్కి. ఆమె మెడ వణకలేదు. ఇంకొక అడుగు.

"నూకాలూ, కట్ట విసురు" అంది మరిడమ్మ.