మాయ ఎవరిది

అఖిల మూడోసారి సబ్బుతో చేతులు కడిగింది. లోపల కంచం ముందు కూర్చున్న మొగుడు శివకు అదీ చాలలేదు.

"ఇంకోసారి కడుగు. కోతి పెంట ఎత్తిన చేతులతోని పెడితే ఎట్ల తినాలె?"

పొద్దున ఆ చేతులతోనే జొన్నరొట్టెలు చేసి డబ్బా కట్టింది. ట్రాక్టర్ మీద కూర్చొని మధ్యాహ్నం అవే తిన్నాడు. అప్పుడు వాసన రాలేదు. అడవిలో చేతులకు తొడుగులున్నాయి. ఇంట్లో బర్రె పేడ ఎత్తడానికి ఐదేళ్లలో ఎవరూ తొడుగులివ్వలేదు, ఎత్తాక కడుక్కోమనీ ఎవరూ అనలేదు. పేడ ఎత్తితే మంచి కోడలు. కోతి పెంట ఎత్తితే కడుపు నిలవనిది.

వనపర్తి నుంచి పరిశోధనకు వచ్చిన ముబషిరా ఇచ్చిన పని అది. అమ్రాబాద్ అడవి అంచున కోతుల గుంపు వెంట నడవాలి. ఏ ఆడకోతి పెంట వేసిందో చూసి సీసాలోకి ఎత్తాలి, కోతి గుర్తూ టైమూ రాయాలి. అందులోని హార్మోన్లను బట్టి ఆ కోతి కడుపుతో ఉందో లేదో తేలుస్తారు. వాడలో అందరూ నవ్వారు. "పెంటమ్మ కోడలు పెంట ఏరవట్టె!" అత్త పెంటమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఈ పనికి ముందే అఖిలకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నాలుగో నెలలోనే. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ సరిగా ఎదగలేదని డాక్టరమ్మ చెప్పింది. పెంటమ్మకు ఆ ఒక్క ముక్క చాలింది. "మాయ తల్లిది. తల్లి ఒంట్ల సత్తువ లేకుంటే ఏం నిలుస్తది?" శివ చుట్టాలందరి ముందు అన్నాడు: "నా దిక్కు లోపం లేదు. మా అన్నకు ముగ్గురు పిల్లలు." అన్న పిల్లలను తన పరీక్ష కాగితంగా చూపిన మగవాడిని చూసి ఒక్కరూ నవ్వలేదు. అఖిల తల వంచుకుంది. ఆ రోజు తల వంచుకున్నందుకు తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఈ మధ్యాహ్నం ముబషిరా సీసాలు సర్దుతూ అంది. "మీ ఆయన ఫోన్ చేసిండు. సోమవారం నుంచి రావంట?"

"నాకు తెల్వదు మేడం. అడవిల తిరిగితే మల్ల కడుపు నిల్వదంట."

"ఎవరు చెప్పిన్రు? కోతులు చెప్పినయా?" ముబషిరా చెవి తెగిన కోతి పేరున్న కాగితం తీసింది. దాని మీద హార్మోన్ గీత పైకి ఎక్కుతోంది. "ఇది కడుపుతోని ఉంది. మొదట్ల కడుపు నిలిపే హార్మోన్ తల్లి అండాశయం ఇస్తది. మూడు వారాలు దాటితే మాయనే చేస్తది. వెనుకటి పరిశోధనల అండాశయం తీసేసినా కోతికి కడుపు నిలిచింది."

"మనుషులకు?"

"ఇంకొన్ని వారాలు పడ్తది. తీరు అదే."

"అయితే మాయ బలం తల్లిదే గద?"

"కాదు అఖిలా. తల్లి దిక్కు ఒక పొర ఉంటది, అంతే. హార్మోన్ చేసే మాయ పిండం నుంచే పుడ్తది. బిడ్డ ఒంట్ల తండ్రి వాటా ఎంత ఉంటదో మాయల గూడ అంతే ఉంటది."

అఖిల సీసా మూత బిగించడం మరిచిపోయింది. "అయితే నాకు పోయింది ఆయన వల్లనా?"

"అట్ల అనలేం. ఎందుకు పోయిందో నాకు తెల్వదు. ఇద్దరు పరీక్షలు చేయించుకోవాలె. ఇద్దరు."

ఇల్లు చేరేదాకా ఆ ఒక్క మాటే నడిచింది ఆమె వెంట. ఇద్దరు. రెండుసార్లు దవాఖానలో బల్ల మీద పడుకున్నది ఒక్కతే. రక్తం ఇచ్చింది ఒక్కతే. వారం తిరక్కముందే నీళ్ల బిందె ఎత్తింది ఒక్కతే. మాయ మాత్రం ఇద్దరిదట.

ఇప్పుడు నాలుగోసారి చేతులు కడగలేదు. కొంగుకు తుడుచుకుని లోపలికి వచ్చింది.

"గిన్నె అక్కడున్నది. పెట్టుకో."

"ఏమన్నవ్?"

"మాయల సగం నీది గూడ ఉంటదంట. రెండుసార్లు ఒక్కదాన్నే మాటలు పడ్డ."

మూలన కూర్చున్న పెంటమ్మ చెయ్యి గడ్డానికి పోయింది. "మాయ మొగోనిదా! కోతులతోని తిరిగి మతి పోయిందే నీకు!"

"అత్తమ్మా, నీ ముందటోళ్లు నలుగురు పుట్టి పోతే గద, నువ్వన్న బతకాలని నిన్ను పెంటకుప్ప మీద పండవెట్టి ఈ పేరు పెట్టిన్రు. ఆ నలుగురి గురించి మీ అమ్మను ఎన్ని మాటలన్నరో నువ్వే చెప్పినవ్. మీ నాయినను ఎవరన్న ఒక్క మాట అడిగిన్రా?"

అఖిల జవాబు కోసం ఆగకుండా శివ వైపు తిరిగింది.

"సోమవారం నేను పనికి పోత. మేడంకు చెప్పే వచ్చిన."

"నేను వద్దన్న గద!" శివ కంచం తోసి లేచాడు.

"విన్న. రేపు జిల్లా దవాఖానకు గూడ పోత. రెండు పరీక్ష చీటీలు రాపిస్త, నీదొకటి, నాదొకటి. నువ్వు రాకుంటే నీ చీటీ మీద 'మొగడు రానన్నడు' అని డాక్టరమ్మతోని రాపిచ్చుకొస్త. మల్ల చుట్టాలు కూడినప్పుడు నువ్వు మీ అన్న పిల్లలను చూపియ్యి, నేను ఆ చీటీ చూపిస్త."