కోళ్లగూళ్లలో బూడిదమన్ను

మూతులకు గుడ్డలు కట్టుకున్న నలుగురు గని మనుషులొచ్చి మా కోళ్లను గోనెసంచుల్లో కుక్కి పట్టుకెళ్లారు. ఎందుకని అడిగితే పైవాళ్ల ఆర్డరన్నారు. గని ఆసుపత్రి నర్సమ్మ మాత్రం గోడవారగా నిలబడి నా చెవిలో చెప్పింది: "గుడ్లలో సీసం ఉందమ్మా, పిల్లల బుర్ర మొద్దుబారుస్తుంది. పిల్లకి పెట్టకు."

మూడేళ్లుగా పెడుతూనే ఉన్నాను. రోజుకొకటి, ఎంచి మరీ పెద్దది. నా ఆరేళ్ల కూతురు నిన్న నేర్చిన అక్షరం ఇవాళ మర్చిపోతుంటే మొద్దని మొట్టికాయలు కూడా వేశాను.

సీసం ఎలా వచ్చిందో మా వాడలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. గనిలో రాయి పిండిచేసి కడిగాక మిగిలే బూడిదమన్నును గేటు పక్కన గుట్ట పోసి, కావలసినవాళ్లు తీసుకెళ్లండన్నారు. కోళ్లు అందులో పొర్లితే పేలు రాలిపోతాయని కనిపెట్టింది మా అత్త. ఊరికే వస్తే ఎవరు వద్దంటారు? ఆడవాళ్లమంతా తట్టలతో మోసి గూళ్లలో పరిచాం. పేలు నిజంగానే పోయాయి.

మర్నాడు మమ్మల్ని గని ఆఫీసు వరండాలోకి పిలిచారు. పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను. గుమస్తా కాగితాలు పంచాడు. మన్ను మా ఇష్టంతోనే తీసుకెళ్లామనీ, గనికి సంబంధం లేదనీ రాసుంది. సంతకం పెడితేనే మా మొగుళ్లకు రేపటి డ్యూటీ. గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగి ఉంది.

ఇది చదివే విద్యార్థులకు ఒక మాట. పుస్తకాల్లో ధైర్యం ముందొస్తుంది. మాకు రాలేదు.

"పెట్టేద్దామే," అంది పక్కింటావిడ. "కొండని ఢీకొంటామా?"

"పెడితే పిల్లల రక్తం ఎవరు పరీక్ష చేయిస్తారు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

అత్త గుమస్తా బల్ల దగ్గరికి వెళ్లింది. "మన్ను మోసింది నేనే, బాబూ. రాసుకో. అందులో సీసం ఉందని మీకెప్పుడు తెలిసిందో, అదీ కిందే రాయి."

"అది కుదరదు, పెద్దమ్మా."

"తెలియకపోతే తెలియదనే రాయి."

గుమస్తా పెన్ను కదల్లేదు. మేనేజరు గది వైపు చూశాడు. ఆ చూపు అందరం చూశాం. తెలిసే పోశారన్నమాట.

పక్కింటావిడ సంతకం లేని కాగితాన్ని బల్ల మీద విసిరింది. "నా దాంట్లోనూ అదే రాయి. పిల్లలందరికీ రక్తపరీక్ష చేయిస్తామని కూడా రాయి." ఆ వెనకే మిగతా కాగితాలన్నీ బల్ల మీద పడ్డాయి.

పోలీసులు అత్త రెక్క పట్టుకుని వ్యానెక్కించారు, రెచ్చగొట్టింది ఈ ముసలిదేనంటూ. పిల్లని చంకనేసుకుని నేనూ ఎక్కాను.

"నిన్నెవరు ఎక్కమన్నారే?" అన్నాడు పోలీసు.

"మన్ను నేనూ మోశాను."

పక్కింటావిడ ఎక్కింది. ఆవిడ చెల్లెలు ఎక్కింది. దిగమని పోలీసు అరుస్తున్నాడు, ఆడవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. నాకింకా భయంగానే ఉంది. పిల్లని ఒళ్లోకి లాక్కుని, జరిగి చోటిచ్చాను.