చుక్కల చిమ్మట

తెలుగు నేతవాళ్లు వలసొచ్చిన మగ్గాల బస్తీ ఉన్‌లో ఆ గల్లీ చివరి గది సింధూజది. గది దాటితే ఖాళీ ప్లాటు. అది ఎవరిదో, అందులో ఎప్పుడు ఇల్లు లేస్తుందో గల్లీలో ఎవరికీ తెలియదు. వానలు వెనకపట్టేసరికి కాయ ఎండితే గలగలలాడే గిలకమొక్కలు నడుమెత్తు పెరిగి, ప్లాటంతా పసుపు పూలతో నిండిపోయింది.

ఎండ ఆ మొక్కల నెత్తికెక్కగానే చిమ్మటలు లేచేవి. దీపాల చుట్టూ తిరిగే రకం కాదు, పట్టపగలే ఎగిరేవి. మీగడ రంగు రెక్కల మీద నల్ల చుక్కలు, వాటి మధ్య ఎర్ర చుక్కలు. నాలుగు మొక్కల దూరం తూలుతూ ఎగిరి, గడ్డిపరక మీద వాలి, రెక్కలు ఒంటికి చుట్టుకుని సన్నటి గొట్టంలా అయిపోయేవి. అంతసేపూ కళ్లముందున్నది ఇట్టే మాయమయ్యేది. సింధూజ గుమ్మంలో కూర్చుని, ఒళ్లోని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తూ, అది మళ్లీ ఎప్పుడు విచ్చుకుంటుందా అని చూసేది. అట్లా చూస్తుంటే అవతలి మగ్గాల రొద కూడా ఎక్కడో దూరాన కురుస్తున్న వానలా అనిపించేది.

"కత్తెర ఏడ బోతుందో జర చూస్కో పిల్లా," అనేది అత్త ఎల్లవ్వ. "కండ్లేమో పురుగుల మీద, చేతులేమో మాల్ మీద."

"చూస్తనే ఉన్న అత్తమ్మా."

"ఏం చూస్తవో! నా కండ్లు నీకుండాలె, నీ కండ్లు నాకుండాలె."

ఈ ఏడాది ఎల్లవ్వకు చూపు బాగా మందగించింది. అయినా ఒక్క అలవాటు మానలేదు. పనయిన చీరల మూట గడప దాటేముందు రెండు అగరుబత్తీలు వెలిగించి దాని చుట్టూ మూడుసార్లు తిప్పేది. సిరిసిల్ల దగ్గరి పుట్టింట్లో, నూలు చీర మగ్గం దిగగానే వాళ్లమ్మ అట్లాగే చేసేదట. ఇప్పుడు ఎడమచేత్తో మూటను తడుముకుంటూ కుడిచేత్తో తిప్పుతోంది.

దీపావళి ఇరవై రోజులుందనగా సంధ్యారాణి వచ్చింది. సేఠ్ దగ్గర చీరలు తెచ్చి గల్లీ ఆడవాళ్లకు పంచేది ఆమే. ఎప్పుడూ గుమ్మంలోంచే "చాయ్ పెట్టు పెద్దమ్మా" అని కేకేసే మనిషి, ఈసారి మూడు చీరలు మంచం మీద విసిరింది.

"మీ గల్లీ మాల్ వాపస్ అచ్చింది. చూడుండ్రి, అన్నీ బొక్కలే!"

పక్క గదుల ఆడవాళ్లు గుమ్మం నిండా చేరారు. ఆ సమయానికే ఒక చిమ్మట గాలివాటున వచ్చి చీర మీద వాలింది. బట్ట మీది చుక్కల అచ్చులో అదీ ఒక చుక్కలా కలిసిపోయి, మెల్లగా కదిలింది.

"గిదే! గిదే తిన్నది! ఇంట్ల చిమ్మటల్ని సాదుకుంట మాల్ ఇయ్యుమంటే సేఠ్ ఇస్తడా?"

"సాదుడు కాదా మరి!" పక్కింటి హారతి అందుకుంది. "డబ్బీల పెట్టి మేపింది అక్కా, నేను చూసిన. పెండ్లి గూడ చేసిందేమో, మనల పిలువలే."

అందరూ నవ్వారు. సంధ్యారాణి నవ్వలేదు.

"రేపు పొద్దుగాల్ల ప్లాటంత కోసి కాలబెట్టుండ్రి. లేకుంటే గల్లీ మొత్తానికి మాల్ బంద్."

సింధూజ భర్త రఘుపతి రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి సంగతి విన్నాడు. వెంటనే కొడవలి అడగడానికి పోయాడు. నలుగురిలో సింధూజకు మాట పెగలదు.

అందరూ వెళ్లాక చీరలు ఒళ్లోకి తీసుకుంది. డబ్బాలో పురుగును పెంచింది నిజమే. నల్లటి ఒళ్లు, నారింజ రంగు చారలు. పరుపుగా వేసిన చీరపేలికను అది ముట్టనైనా ముట్టలేదు. గిలక ఆకు తిన్నది, పచ్చికాయకు తొర్ర పెట్టి గింజలు తిన్నది, ఆఖరికి తన దారం తానే వడికి అందులో నిద్రపోయింది. మరి ఈ బొక్కలు? మూడు చీరల్లోనూ పై మడతలోనే ఉన్నాయి. అంచు మీద వేలు పెట్టింది. దారం చివర పీచులా లేదు. గట్టిగా, చిన్న పూసలా తగిలింది. కరిగి గట్టిపడింది.

సింధూజ గూట్లోని అగరుబత్తీల వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. చెబితే అత్త గల్లీలో తలదించుకోవాలి. చెప్పకపోతే పొద్దున మంట. రెక్కలున్నవి ఎగిరిపోతాయి. ఆకు కిందున్న గుడ్లు, కాయల్లో దూరిన పురుగులు ఎటు పోతాయి?

మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అత్త వేలు పట్టుకుని బొక్క అంచు మీద పెట్టింది.

"అత్తమ్మా, జర ముట్టి చూడు."

నలభై ఏళ్లు తెగిన పోగులు ముడేసిన వేళ్లవి. ఒక చీర, ఇంకో చీర, మూడోది తడిమాయి. మళ్లీ మొదటిదానికి వచ్చి ఆగిపోయాయి.

"పురుగు కొరుకలే," అంది ఎల్లవ్వ. "నిప్పురవ్వ." ఆ అంచునే నలుపుతూ, "నూలైతే చేత్తోటి నలిపితే ఆరేది. గీ దారం మైనం లెక్క కరుగుతది," అంది.

"నేను ఎవలికి చెప్పలే అత్తమ్మా."

"నువ్వు చెప్తే నేను పలుచనైత. చెప్పకుంటే అవి కాలుతయి. గందుకే నా చేతికిచ్చినవు." ఎల్లవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచిగనే ఇచ్చినవు."

సాయంత్రం కోడలి భుజం పట్టుకుని సంధ్యారాణి గదికి పోయింది. అక్కడ అరడజను మంది ఆడవాళ్లున్నారు. ఎల్లవ్వ గడపలోనే నిలబడింది.

"పురుగు కాదు బిడ్డా. నా అగరుబత్తి."

సంధ్యారాణి చీరలు వెలుగులోకి పట్టి అంచులు తానూ తడిమింది.

"పండుగ ముంగట ఏం పని చేసినవు పెద్దమ్మా! సరే, ప్లాటు ఉండనియ్యి. గల్లీకి మాల్ ఇస్త. మీ ఇంటికి మాత్రం నెల దాక ఇయ్య. సేఠ్‌కు నేనేదో జవాబు చెప్పాలె గదా."

మరుసటి పొద్దున రఘుపతి గొణుక్కుంటూ కొడవలి తిరిగిచ్చి వచ్చాడు. సింధూజ ఒళ్లో చీర లేదు. చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద ఊరికే పడి ఉన్నాయి. ఎండ మొక్కల మీదికి వచ్చింది.

"ఏదే, నన్ను గంతమందిల నిలబెట్టిన పురుగు?" అంటూ ఎల్లవ్వ బయటికొచ్చింది.

సింధూజ ఆమెను చెయ్యి పట్టి మొక్కల్లోకి నడిపించింది. చిమ్మట కళ్లముందే లేచింది కానీ ఎల్లవ్వకు ఆనలేదు. అప్పుడు సింధూజ ఒక ఆకు మీది పురుగును వేలి మీదికి ఎక్కించుకుని అత్త అరచేతిలో దించింది. అది కాసేపు ముడుచుకుని, ఆ తర్వాత గరుకు గీతల మీదుగా నడక మొదలుపెట్టింది.

"అబ్బ, కితకితలైతున్నయే! ఏడికి పోతదట?"

"ఆకు దిక్కు, అత్తమ్మా."

ఎల్లవ్వ మెల్లగా వంగి చేతిని మొక్కకు ఆనించింది. పురుగు వేలి చివర తల ఎత్తి అటూ ఇటూ ఊపుతోంది.

"నిమ్మళంగ పో," అంది దానితో. "మాకు ఇయ్యాల పని లేదు."