తొమ్మిది హోదాల ట్రంకుపెట్టె

నేను ఒక ట్రంకుపెట్టెను. అల్లాటప్పా పెట్టెను కాను, లెఫ్టినెంట్ జనరల్ కల్వకొలను శ్రీపతిగారి పెట్టెను. సికింద్రాబాదు లాల్‌బజారులో యాకూబ్ అనే రేకుల పనివాడు నన్ను సుత్తితో బాది బాది తయారుచేశాడు. సైన్యంలో అప్పుడే చేరిన ఇరవై రెండేళ్ల శ్రీపతి నన్ను కొన్నాడు. నా జతపెట్టెను అతని స్నేహితుడు, శ్రీకాకుళం వైపువాడు, బొడ్డేపల్లి దాలినాయుడు కొన్నాడు.

సైన్యంలో పెట్టె మీద మనిషి పేరు, హోదా తెల్లరంగుతో రాసి ఉండాలి. హోదా పెరిగితే నల్లరంగు పూసి కొత్తది రాస్తారు. వీళ్లిద్దరూ ఆ పని పెయింటరుకు ఇవ్వలేదు. ఒకరి పెట్టె మీద ఒకరే రాయాలని ఒట్టు పెట్టుకున్నారు. దాలినాయుడి రాత, అబ్బో, కోడి గెలికినట్టుండేది.

"ఏంట్రా ఇది, కెప్టెనని రాశావా, కాకరకాయని రాశావా?" అనేవాడు శ్రీపతి.

"నీ మొకానికిదే ఎక్కువరా. ముందు మేజరవ్వు, అప్పుడు సూద్దుం."

కర్నల్ దాకా అలాగే సాగింది. ముందుగా బ్రిగేడియరైంది శ్రీపతి. ఉత్తరాన మంచుకొండల్లో దాలినాయుడి పటాలం ఆయన కిందే ఉండేది. ఒకరోజు, నలభై మందిని వెంటనే కొండమీది చౌకీకి పంపమని పైనుంచి హుకుం వచ్చింది.

"మంచు వదులుగా ఉందిరా. రెండ్రోజులాగుదుం. లేపోతే కుర్రాళ్లు పోతారు" అన్నాడు దాలినాయుడు.

శ్రీపతి నీళ్లు నమిలాడు. దాలినాయుడు తన పూచీ మీద మనుషుల్ని ఆపేశాడు. మర్నాడే ఆ దారి మీద మంచు విరుచుకుపడింది. దారిలో పురుగు కూడా లేదు.

నలభై ప్రాణాలు నిలిపినందుకు దండ వేసి ఉంటారనుకుంటున్నారా? మీ మనుషుల సంగతి మీకు తెలీదా! బతికినవాళ్ల గురించి ఎవరూ అడగలేదు. ఆలస్యం ఎందుకైందనే అడిగారు. అప్పటికి శ్రీపతి మేజర్ జనరల్ కావలసి ఉంది. పై అధికారి కింది అధికారి గురించి ఏటా రాసే రహస్య నివేదికను ఆయన నా మూత మీద పెట్టుకునే రాశాడు. "సమర్థుడు. కాని క్లిష్ట సమయంలో నిర్ణయానికి తాత్సారం చేస్తాడు." అంతే, దాలినాయుడు రిటైరయ్యేదాకా కర్నల్‌గానే ఉండిపోయాడు. నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

విషయం తెలిశాక దాలినాయుడు గొడవ పడలేదు. "ఒరేయ్" మానేసి "సర్" అన్నాడు. శ్రీపతి మేజర్ జనరల్ అయిననాడు బ్రష్షు, రంగు డబ్బా నా పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా ఎదురుచూశాడు. స్నేహితుడు రాలేదు. మర్నాడు పెయింటరొచ్చి రాసిపోయాడు. ఒక్క అక్షరం వంకర లేదు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత బంగళాలు పెద్దవయ్యాయి, భోజనాల బల్ల పొడుగైంది. ఆయన నవ్వితే నలుగురూ నవ్వేవారు, ఆపితే ఆపేవారు. భార్య పోయింది. రిటైరయ్యాక సైనిక్‌పురి ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం. మాట్లాడేవాళ్లు లేక ఆయన పేపరు పైకి చదువుకునేవాడు.

కిందటి మాఘంలో నాలో నాలుగు చొక్కాలు సర్దాడు. "నాయుడి దగ్గర నాలుగు రోజులుండొస్తా. వాడితో ఒక్క మాట చెప్పాలి" అన్నాడు డ్రైవరుతో.

దాలినాయుడి పెరట్లో చాపల మీద పద్నాలుగు మంది కూర్చుని కోడికూర తింటున్నారు. జుట్టు నెరిసిన మాజీ సిపాయిలు. ఆనాటి నలభై మందిలో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, మంచు విరిగిపడిన తేదీకి ఏటా అక్కడ చేరతారట. ఎవరో ఏదో అంటే పెరడంతా పకపకలాడుతోంది. డ్రైవరు నన్ను పెరటి అరుగు మీద దించాడు.

"అయ్ బాబోయ్, జనరల్ సాబ్!"

అందరూ ఎంగిలి చేతులతోనే లేచి కర్రల్లా నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది. "కూర్చోండి" అన్నాడు శ్రీపతి. కూర్చున్నారు. ఒక్కడూ ముద్ద ఎత్తలేదు.

ఆయన మాత్రం కూర్చోలేదు. "ఆ రోజు మీ కర్నల్‌దే రైటు. నేను పిరికివాణ్ణై తప్పు రాశాను. నన్ను క్షమించండి."

"యస్ సర్!" అన్నాయి పద్నాలుగు గొంతులు ఒక్కసారిగా.

పాపం, వాళ్లకు నేర్పిన జవాబు అదొక్కటే. శ్రీపతి స్నేహితుడి వైపు చూశాడు. దాలినాయుడు ఒక ఖాళీ విస్తరి అందుకున్నాడు.

"ఎండన పడొచ్చారు. అన్నం తినెల్లండి, సర్."

శ్రీపతి చల్లారిపోతున్న విస్తళ్ల వంక చూశాడు. "లేదు నాయుడూ, పనుంది. మీరు కానివ్వండి" అన్నాడు. ఏ పనీ లేదని నాకు తెలుసు. డ్రైవరు నన్ను మళ్లీ కారెక్కించాడు.

వీధి మలుపు తిరిగామో లేదో, వెనక పెరట్లోంచి నవ్వులు మళ్లీ లేచాయి.

"కాస్త ఆపు బాబూ" అన్నాడు జనరల్ గారు. కారు ఆగింది. ఇంజను కూడా ఆపమన్నాడు.