గంగమ్మకు చూపించిన కారు

కొత్త పడవ కొంటే దాని ముక్కు మొదటి అలకు తాకించి, పసుపు కుంకుమ పెట్టాకే వేటకు పంపడం మా పాలెంలో ఆనవాయితీ. దాన్ని కారుకు కూడా అంటగట్టిన మహానుభావుడు మా నాయన మునెయ్య.

"గంగమ్మకు చూపించకుండా రోడ్డెక్కిస్తామంటే నేనొప్పుకోను," అని మంకుపట్టు పట్టాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ పాత కారు కొన్నదే మా ఆయన ముఖేష్‌ను సముద్రానికి దూరం చేయడానికి. పోయినేడు వేటకు వెళ్లిన మా అన్న తిరిగి రాలేదు. అప్పటి నుంచి ముఖేష్ పడవెక్కితే చాలు, మళ్లీ గడప తొక్కేదాకా నాకు ముద్ద దిగేది కాదు. నెల్లూరుకు బాడుగలు తిప్పుకుంటే మనిషి కళ్లెదుట ఉంటాడనుకున్నాను. కానీ కొడుకును పోగొట్టుకున్న తండ్రిని ఎలా కాదనను? సరేనన్నాను.

ముఖేష్ కారును మెల్లగా తడి ఇసుకలోకి దించాడు. అల వచ్చి ముందు చక్రాలను తడిపింది. నాయన టెంకాయ కొట్టాడు. వెనక్కి పోతూ పోతూ ఆ అల చక్రాల కింది ఇసుకను కూడా తీసుకుపోయింది. రివర్స్ వేస్తే బండి కదల్లేదు.

"ఎస్‌లో పెడతా మామా. స్పోర్ట్ మోడంట. ఇంజన్‌కి యాడలేని ఊపొస్తాదని అమ్మినాయన చెప్పినాడు. ముందుకు దూకించి తిప్పుకొస్తా," అన్నాడు ముఖేష్.

"తొక్కబ్బయా, తొక్కు!" అన్నాడు నాయన.

తొక్కాడు. గేర్లు దానంతటదే మార్చుకునే బండి కాబట్టి, ఇసుకలో ఏం చేయాలో కూడా దానికే తెలుసని వీళ్ల నమ్మకం. అది అరిచిన అరుపుకు పీతలు బొరియల్లో దూరాయి. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి ఇసుకను తవ్విపోశాయి. కారు పొట్ట నేలకు ఆనింది.

"చాలు, ఆపు మావా!" అని ముఖేష్‌కు వినపడేలా గొంతు చించుకున్నాను. ఆ మోతలో నా మాట ఎవరు విన్నారు?

పోటు మొదలైంది. పడవలు లాగే ట్రాక్టర్ రిపేరుకని కోవూరులో ఉంది. పాలెమంతా వచ్చి మోకులు కట్టి లాగారు. పడవైతే నున్నటి పొట్టతో జారి వచ్చేది. కారు బంపరు మాత్రం ఊడి వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

నీళ్లు సీట్ల దాకా ఎక్కాయి. నాయన నడుం లోతు నీళ్లలో నిలబడి సముద్రాన్ని తిట్టాడు. "నా బిడ్డ చాల్లేదా నీకు?" అన్నాడు. అన్న పోయిననాడు కూడా ఆయన గంగమ్మను ఒక్క మాట అనలేదు.

పోటు తీశాక కారును ఒడ్డుకు లాగాం గానీ, ఉప్పునీళ్లు తాగిన ఇంజన్ ఇక పనికిరాదన్నారు.

ఆ వారమే ముఖేష్ వల భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "క్యారియర్ ఇయ్యి, భవానీ," అన్నాడు నా ముఖం చూడకుండా. వద్దనడానికి నా దగ్గర ఏముంది? ఇచ్చాను.

నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. పడవ నెట్టడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. నేనే వెళ్లి చెయ్యి వేశాను. పడవ ఒక్క తోపుకే కదిలింది.