ఖాళీగా వదిలిన నాలుగు ఆవర్తాలు

నాగవేణి తిరుపతి సంగీత కళాశాలలో వయొలిన్ చివరి ఏడాది విద్యార్థిని. మృదంగం నేర్చుకునే గుణశేఖర్‌తో కలిసి రాక్ బ్యాండ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. పగలంతా కీర్తనలు, సాయంత్రమైతే చంద్రగిరిలో మూతబడిన వేరుశనగ మిల్లులో గిటార్లు, డ్రమ్ములు. గుణశేఖర్ డ్రమ్ములు వాయిస్తుంటే పైకప్పు రేకులు అదిరేవి. నాగవేణి గుండె కూడా అదిరేది. ఆ మాట అతనితో ఎన్నడూ అనలేదు.

వేసవిలో అతని నాయన మంచాన పడ్డాడు. గుణశేఖర్ చదువు మానేసి సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో చేరిపోయాడు. బ్యాండులో అతని బదులు డ్రమ్ములు వాయించడానికి రూపేష్ అనే కుర్రాడు వచ్చాడు.

కాలేజీ వార్షికోత్సవంలో వాళ్లు వాయిస్తుంటే పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు. ఒకప్పుడు గుణశేఖర్ ఒక్కడే వాయించిన చోటు రాగానే, నాగవేణి ముందే చెప్పినట్టు అందరూ చేతులు ఆపేశారు. తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేదాకా తాను మాత్రం ఒకే స్వరం పట్టుకుని నిలబడింది.

తర్వాత గురువు నిర్మలమ్మ పిలిపించింది. రాక్ వాయించినందుకు తిట్లు తప్పవనుకుంది నాగవేణి.

"శ్రుతి బాగుండాది. ఆ నాలుగు ఆవర్తాలు ఎవురికోసరం వదిలిపెట్టినావు మే?"

నాగవేణి వయొలిన్ పెట్టె పట్టీ సర్దుకుంది.

"వాడు యాడుండాడో నీకు తెల్సు గదా. పోయి అడుగు."

మర్నాడే బస్సెక్కింది. షిఫ్టు దిగి గేటు దాటిన గుణశేఖర్ ఆమెను చూసి కదల్లేకపోయాడు. ఇద్దరూ టీ కొట్టులో కూర్చున్నారు.

"మా మిషను మిశ్రచాపు తాళంలో కొడతాది, వేణీ," అంటూ నవ్వి, బల్ల మీద వేళ్లతో ఏడు దెబ్బలు వేసి చూపించాడు.

"నీ చోటు అట్నే పెట్టినా. వస్తావా?"

అతని వేళ్లు ఆగిపోయాయి.

"రాలేను. నాయన ఇంకా లేసి నడవలా. ఆ చోటు రూపేష్‌కు ఇచ్చెయ్. వాయించేవోడు ఉండంగా పాట ఎందుకు ఆపేది?"

"పాట కోసరమే వచ్చినా అనుకుంటివా?"

అతను టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"కాదని తెల్సు. అందుకే ఇన్నాళ్లూ ఫోను చెయ్యలా."

బస్సు వచ్చేదాకా అతను పక్కనే నిలబడ్డాడు.

శనివారం మిల్లులో, పాటలో ఆ నాలుగు ఆవర్తాల చోటు చెప్పి, "ఈడ నువ్వే వాయించప్పా," అంది నాగవేణి రూపేష్‌తో.

అతను మొదలుపెట్టాడు. గుణశేఖర్‌లా కాదు, తనలాగే వాయించాడు. బాగా వాయించాడు. అంత బాగుండడమే ఆమె తట్టుకోలేకపోయింది. అయినా తన వంతు రాగానే వయొలిన్ కమాను ఎత్తి పాట అందుకుంది.