చిలకపచ్చ మొక్కు

తెల్లవారేసరికి చెంగమ్మ ఇంటి ముందు తమలపాకుల బుట్ట దిగుతుంది. ఆమె గుమ్మంలో కూర్చుని ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడిచి, చిల్లులు పడినవి ఏరేసి, కట్టలు కట్టి అరటినారతో బిగిస్తుంది. ఆమె భర్త మునిరామయ్య వాటిని తిరుపతి వీధుల్లో అమ్ముకొస్తాడు. చెంగమ్మ చెల్లెలి కూతురు పంకజాక్షి పక్కనే చతికిలబడి, ఏరేసిన ఆకుల్ని వరసగా పేర్చి రైలు చేస్తుంది. ఆ రైలు ఎప్పుడూ మద్రాసు నుంచే వస్తుంది.

జపానువాళ్లు బాంబులు వేస్తారని మద్రాసు సగం ఖాళీ అయిన ఏడాది, మూడేళ్ల పిల్లను భారతమ్మ తెచ్చి అక్క దగ్గర దించింది. భర్త వరదయ్యది హార్బరులో పని. తనది ఆడవాళ్ల ఆసుపత్రిలో ఆయా పని. ఊరంతా మూటలు కట్టుకుని పోతున్నా రోగులు ఎక్కడికి పోతారు? ఆసుపత్రివాళ్లు ఆమెను కదలనివ్వలేదు.

భారతమ్మకు చిలకపచ్చ రంగంటే ప్రాణం. చీర అదే, గాజులు అవే. ఊరికి కార్డు రాస్తే సిరా కూడా అదే. "పాపకు చెవిలో నీళ్లు పోకుండా తలంటు. బావి దగ్గరికి పోనీయొద్దు. తమలపాకు నమలనీయొద్దు, నాలుక మొద్దుబారి చదువు రాదు." కార్డు నిండా ఇవే జాగ్రత్తలు. చోటు చాలకపోతే అంచుల్లో కూడా రాసేది.

"మనం పిల్లను సాకతాండామా, జమీందారు గుర్రాన్నా?" అని మునిరామయ్య నవ్వేవాడు.

పంకజాక్షికి చదువు రాదు గాని కార్డును మాత్రం గుర్తుపట్టేది. పచ్చటి గీతల మీద వేలు జరుపుతూ "అమ్మ" అనేది. స్టేషన్‌లోనూ అంతే. రేణిగుంటలో బండి మారి వచ్చే జనంలో, ముఖాలు ఇంకా తెలియకముందే, పచ్చచీర కనబడగానే పెద్దమ్మ చెయ్యి విడిపించుకుని పరిగెత్తేది.

మరుసటేడు పిల్లకు విషజ్వరం వచ్చింది. భారతమ్మ పరుగున వచ్చింది. డాక్టరు రోజూ వచ్చి చూసేవాడు గాని ఏమీ చెప్పేవాడు కాదు. పిల్ల కళ్లు తెరవడం మానేసింది.

"స్వామికి ఏమన్నా మొక్కుకోమే" అంది చెంగమ్మ. "నీకు ఇష్టమైంది వదిలేస్తానని మొక్కు. నేను మీ బావకు కాలు విరిగినప్పుడు వంకాయ వదిలేస్తి కదా."

"నీకు వంకాయ ఎప్పుడు పడిందిలేమే" అన్నాడు మునిరామయ్య గుమ్మంలోంచి. "స్వామి కూడా నవ్వుకోనుంటాడు."

ఆ మాట భారతమ్మ మనసులో ముల్లులా దిగింది. ఏదో ఒక కూర వదిలేస్తే దేవుణ్ణి మోసం చేసినట్టే కదా. తనకు నిజంగా ఇష్టమైనది ఏది? అలిపిరి దాకా నడుస్తూ అదే వెతుక్కుంది. కొండ మొదట్లో నిలబడి, కట్టుకున్న చీర కొంగు కళ్లకద్దుకుని, "నా పచ్చరంగు నీకిచ్చేసినాను తండ్రీ. నా బిడ్డను నాకియ్యి" అంది.

ఇల్లు చేరేసరికి ఆమె చీర బూడిదరంగులో ఉంది. గాజులూ అంతే. మంచం మీద పిల్లకు జ్వరం విడిచి చెమట పట్టి ఉంది.

"తీసుకున్నాడు" అని చెంగమ్మ కొండవైపు దణ్ణం పెట్టింది. భారతమ్మ బుట్ట జరపబోతే పైనున్న తమలపాకులు బూడిదరంగుకు తిరిగాయి. "మే, ఇంక నువ్వు ఆకుల జోలికి రావద్దు తల్లీ. ఎవురు కొంటారు?" అంది. ఇంకెవరూ దాన్ని గురించి మాట్లాడలేదు.

సెలవులన్నీ ఆ జ్వరానికే అయిపోయి, పిల్లకు పూర్తిగా తెలివి రాకముందే తిరిగి పోవాల్సి వచ్చింది. భారతమ్మ మళ్లీ ఏడాదికి గాని రాలేకపోయింది. మద్రాసులో ఆమె వండిన గోంగూర బూడిదముద్దలా ఉండేది. వరదయ్య "పులుపు బాగుండాదిలే" అని తినేవాడు. పచ్చ సిరా కాగితం మీద నిలవకపోవడంతో నల్ల సిరాతో కార్డులు రాసింది. వాటిని పంకజాక్షి పక్కన పడేసేదని ఆమెకు తెలియదు.

"ఇది అమ్మ రాసింది కాదు. పోస్టాయన రాసినాడు" అనేదట పిల్ల.

బాంబుల భయం తగ్గాక, పిల్లను తీసుకుపోదామని వచ్చింది భారతమ్మ. అమ్మ వస్తోందని పంకజాక్షి పట్టుబట్టి కొత్త చిలకపచ్చ పరికిణీ కట్టించుకుంది. బండి ఆగింది. పిల్ల పరిగెత్తి, పచ్చచీర కట్టుకున్న ఎవరో ఆరణి ఊరామె కాళ్లను వాటేసుకుంది.

"ఇదిగో పాపా! నేనీడుండా!" భారతమ్మ వెనకనుంచి వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఆమె చేతుల్లో పరికిణీ బూడిదరంగుకు తిరిగింది.

పిల్ల స్టేషనంతా అదిరేలా ఏడ్చింది. "నా పరికిణీ! మాయమ్మ వస్తే సూపించాల!"

"మీయమ్మే పాపా!" అంది చెంగమ్మ.

"కాదు. మాయమ్మ పచ్చగా ఉంటాది."

ఇంట్లో ఉన్న రోజుల్లో పిల్ల ఆమెను "అత్తా" అంది. మర్యాదగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. దగ్గరికి మాత్రం రాలేదు. చెంగమ్మ మళ్లీ కొత్త పచ్చ పరికిణీ కుట్టించి ఇస్తే దాన్ని గోడవైపు దాచుకుని పడుకుంది.

"పోయి వెనక్కి అడుగు" అంది చెంగమ్మ. "ఒక్క రంగు ఇచ్చేస్తే స్వామికి ఏం తక్కువైపోతాది?"

భారతమ్మ అలిపిరికి పోయింది. పోయినసారి నిలబడిన చోటే నిలబడింది. కొండనిండా అడవి పచ్చగా ఉంది. చేతులు జోడించింది. రంగు తిరిగొస్తే? జ్వరం కూడా తిరిగొస్తే? అలా కాదని ఎవరు చెప్పగలరు? నోటిదాకా వచ్చిన మాటను మింగేసి వెనక్కి తిరిగింది.

ఇంతకీ ఆ రంగు తన ఒక్కదానిదేనా? పిల్లకు అదే అమ్మ కదా. పిల్లదాన్ని అడగకుండా పిల్ల అమ్మను ఇచ్చేసినాను. ఆ మాట దారిపొడుగునా ఆమెను వదల్లేదు.

"ఊరికే ఎత్తకపో" అన్నాడు మునిరామయ్య. "పదినాళ్లు ఏడుస్తాది. తర్వాత మరిసిపోతాది."

"ఎవర్ని మరిసిపోతాది బావా? నన్నే కదా."

మునిరామయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

భారతమ్మ ఒక్కతే బయల్దేరింది. సాగనంపడానికి ముగ్గురూ స్టేషన్‌కు వచ్చారు. పంకజాక్షి ఆ కొత్త పచ్చ పరికిణీ కట్టుకుంది. ఎదురుగా వచ్చే బండిలో అమ్మ రావచ్చని. భారతమ్మ కిటికీ దగ్గర కూర్చుని అక్కకు జాగ్రత్తలు చెప్పింది. చెవిలో నీళ్లు, బావి, తమలపాకు.

"రాసి పంపుతావు కదా, మళ్లీ చెప్పాల్నా?" అంది చెంగమ్మ కళ్లు తుడుచుకుంటూ.

పంకజాక్షి కిటికీ కింద నిలబడింది. తల నిమరడానికి భారతమ్మ చెయ్యి చాపింది. పిల్ల పరికిణీని రెండు చేతులతో వెనక్కి లాక్కుంది. భారతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని కిటికీ కమ్మీ పట్టుకుంది.

"అత్తా, నువ్వు మద్రాసే కదా పోతాండేది?"

"ఊఁ."

"ఆడ మాయమ్మ అగపడితే బిరీన రమ్మని చెప్తావా? నాకు జ్వరం తగ్గిపోయినాదని చెప్పు."

బండి కూత వేసింది.

"చెప్తాలే పాపా" అంది భారతమ్మ.

బండి కదిలింది. మనుషులు చిన్నగా అయిపోయారు, స్టేషన్ చిన్నదైపోయింది. ముఖాలు తెలియడం మానేశాక కూడా, చాలా దూరం దాకా, ఆ పరికిణీ మాత్రం పచ్చగా కనబడుతూనే ఉంది.